ఎవరిపై గెలిచితిమి?

ప్రతి సంవత్సరాంతమునను పాఠశాలల నివేదికలలో ఆటలను గూర్చిన భాగ మొకటి యుండును. అందు సాధారణముగా మనము చదువునది యిది: ఇన్ని ఆట లాడితిమి, ఇన్నిట గెలిచితిమి, ఇన్నిట నోడితిమి. తల్లిదండ్రులు ఆ లెక్కను విని సంతోషింతురు; పిల్లలు చప్పట్లు చఱతురు. కాని ఆ లెక్కలో కనబడని ప్రశ్న యొకటి కలదు. ఎవరితో ఆడితిమి? ఎవరిపై గెలిచితిమి? ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన పెద్దలు చెప్పిన మాట ఆటస్థలమునకును వర్తించును. బలహీనులను వెదకి వెదకి గెలిచినవాని గెలుపునకును, బలవంతుని యెదుట నిలిచి యోడినవాని యోటమికిని విలువ కట్టవలసి వచ్చినప్పుడు ఏది యెక్కువ బరువు తూగునో నిర్ణయించుట యంత సులభము కాదు.

ఈ ప్రశ్నను ప్రతి సంవత్సరమును బహిరంగముగా విచారించి తీర్పు చెప్పుకొను క్రీడారంగ మొకటి కలదు. అది అమెరికా దేశమందలి కళాశాలల స్త్రీల బాస్కెటుబాలు. అచట ఒక జట్టు తన కూటమికి వెలుపల ఎట్టి ప్రతిపక్షులను ఎన్నుకొనెనో, ఆ ఎన్నికను బట్టియే సంవత్సరాంతమున దాని గౌరవము చాలవఱకు నిర్ణయింపబడుచున్నది. ఆ పద్ధతిలోని మంచిని, అందలి లోపమును విచారించి నా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుట యీ వ్యాసము యొక్క యుద్దేశము.

ఈ ఆట మనకు పరాయిది కాదు. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డు పట్టణమున, వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయులైన జేమ్సు నెయిస్మిత్ గారు, చలికాలమున యువకులు నాలుగు గోడల నడుమ ఆడుకొనుటకై రెండు పండ్లబుట్టలను ఎత్తున తగిలించి, 13 నిబంధనలు వ్రాసి, దీనిని కల్పించిరి. ఆయన దైవజ్ఞానవిద్య నభ్యసించినవారు. దేహమును బలపఱచుటయు ఒక సేవయే యని నమ్మినవారు. ఆ స్ప్రింగుఫీల్డులోనే శిక్షణ పొందిన హారీ క్రో బక్ గారు మద్రాసునకు వచ్చి 1920లో వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిరి. తెలుగు జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి. కావున స్ప్రింగుఫీల్డునకును మన పాఠశాలల ఆటస్థలములకును నడుమ గల దారి మనము తలచినంత దూరమైనది కాదు.

ఆట పుట్టిన మఱుసటి సంవత్సరమే, అనగా 1892లో, అదే రాష్ట్రమందలి స్మిత్ కళాశాలలో వ్యాయామము నేర్పుచుండిన సెండా బెరెన్సన్ గారు దీనిని బాలికలకు నేర్పిరి. 1893 మార్చి నెలలో ఆ కళాశాల మొదటి తరగతి విద్యార్థినులకును రెండవ తరగతి విద్యార్థినులకును పోటీ జరిగెను. చూచుటకు పురుషులకు ప్రవేశము లేకుండెను. 1896 ఏప్రిల్ 4వ తేదీన స్టాన్‌ఫర్డు విద్యార్థినులు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థినులతో ఆడి 2-1 పాయింట్లతో గెలిచిరి. రెండు కళాశాలల స్త్రీల జట్లు తలపడిన మొదటి ఆటగా దీనిని చెప్పుదురు. ఆ దినములలో స్త్రీల ఆటలకు కూటములు లేవు, పట్టికలు లేవు. ఆడదలచినవారు సాటి కళాశాలకు తామే పిలుపు పంపి ప్రతిపక్షమును సంపాదించుకొనవలసి యుండెను. అందుచేత, బయటివారితో ఆడుట అనునది స్త్రీల బాస్కెటుబాలునకు తరువాత వచ్చి చేరిన అలంకారము కాదు. అది దాని పుట్టుకలోనే యున్నది.

ఇప్పటి యేర్పాటును కొంచెము వివరింపవలయును. అమెరికా కళాశాలలు కాన్ఫరెన్సు లనబడు కూటములుగా ఏర్పడియున్నవి. ఒక్కొక్క కూటమిలోని కళాశాలలు ప్రతి సంవత్సరమును తమలో తాము ఆడితీరవలయును. ఆ ఆటల పట్టికను కూటమియే నిర్ణయించును. ఇవి గాక, కూటమికి వెలుపలి కళాశాలలతో ఆడుటకు ప్రతి జట్టునకును కొన్ని ఆటలు మిగులును. ఉదాహరణమునకు, 2024-25 సంవత్సరమున కనెక్టికట్ విశ్వవిద్యాలయపు స్త్రీల జట్టు తన కూటమియైన బిగ్ ఈస్టులో 18 ఆటలును, వెలుపల 13 ఆటలును ఆడి, తరువాత కడపటి పోటీలలో ప్రవేశించెను. కూటమి ఆటలలో ఎవరికిని ఎన్నికలేదు. వెలుపలి ఆటలలో మాత్రము శిక్షకుని వివేకము, ధైర్యము, కొన్ని వేళల భయము కూడ బయటపడును. కూటమి మన యిరుగుపొరుగు వంటిది. దానిని మనము ఎన్నుకొనము. వెలుపలి ఆటలు మనము కోరి చేసికొను స్నేహముల వంటివి. మనిషి గుణము ఈ రెండవదానిలోనే యెక్కువ తెలియును.

సంవత్సరాంతమున ఎన్.సి.ఏ.ఏ. అను సంస్థ దేశమంతటికి సంబంధించిన పోటీని జరుపును. 1982లో స్త్రీల కొఱకు ఈ పోటీ మొదలైనప్పుడు 32 జట్లు పాల్గొనెను. 2022 మొదలు 68 జట్లు పాల్గొనుచున్నవి. 2025లో 31 జట్లు తమ తమ కూటములలో విజేతలై ప్రవేశార్హతను పొందెను. మిగిలిన 37 స్థానములకు జట్లను ఒక సంఘము కూర్చుండి ఎన్నుకొనెను. ఎవరు ఎన్నవ వరుసలో నుండవలయునో కూడ ఆ సంఘమే నిర్ణయించును. మొదటి 16 స్థానములు పొందిన జట్లు తమ సొంత కోర్టుననే మొదటి రెండు ఆటలు ఆడుకొను లాభము గూడ కలదు. ఇట్లు ఎన్నుకొనునప్పుడు సంఘమువారు ఎన్ని గెలిచిరని మాత్రమే చూడరు. ఎవరిపై గెలిచిరి, ఎచట గెలిచిరి, కూటమి వెలుపల ఎట్టివారితో ఆడిరి అనియు చూచెదరు.

దీనికి లెక్క యెట్లు కట్టుదురో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. 2020 వఱకు వాడుకలోనున్న పద్ధతిలో ఒక జట్టు విలువను మూడు భాగములుగా లెక్కించెడివారు. నాలుగింట నొక పాలు ఆ జట్టు సొంత గెలుపులు. సగము పాలు ఆ జట్టు ఎవరితో ఆడెనో వారి గెలుపులు. తక్కిన నాలుగింట నొక పాలు ఆ ప్రతిపక్షుల ప్రతిపక్షుల గెలుపులు. దీనిని అంకెలతో చూతము. ఒక జట్టు 25 ఆటలలో 20 గెలిచెననుకొందము. అనగా నూటికి 80. కాని దాని ప్రతిపక్షులు నూటికి 40 మాత్రమే గెలిచినవారు. మఱియొక జట్టు 25 ఆటలలో 15 మాత్రమే గెలిచెను. అనగా నూటికి 60. దాని ప్రతిపక్షులు నూటికి 60 గెలిచినవారు. ఇరువురకును మూడవ భాగము నూటికి 50 అనుకొందము. అప్పుడు మొదటి జట్టునకు 20, 20, 12.5 కలిసి 52.5 వచ్చును. రెండవ జట్టునకు 15, 30, 12.5 కలిసి 57.5 వచ్చును. అయిదు గెలుపులు తక్కువైనను రెండవ జట్టే పైనుండును. ఆ లెక్కలో మన గెలుపు నాలుగవ పాలు మాత్రమే. మనము ఎన్నుకొనిన సావాసమునకు సగము!

2020-21 మొదలుకొని స్త్రీల జట్లకు నెట్ అను క్రొత్త లెక్క వచ్చినది. అందు ఎన్ని అవకాశములలో ఎన్ని పాయింట్లు సంపాదించిరి, ఎదిరివారికి ఎన్ని యిచ్చిరి అనుదానిని ప్రతిపక్షుల బలముతో సరిచూచెదరు. ఆ లెక్క నాధారము చేసికొని గెలుపులను నాలుగు తరగతులుగా విభజించుచున్నారు. సొంత కోర్టున 25వ స్థానములోపలి జట్టుతోను, ఎవరిదియు గాని మధ్యస్థలమున 35వ స్థానములోపలి జట్టుతోను, ఎదిరివారి కోర్టున 45వ స్థానములోపలి జట్టుతోను ఆడిన ఆటలు మొదటి తరగతికి చెందును. పరాయి యూరిలో, పరాయి జనుల కేకల నడుమ గెలుచుట యెక్కువ కష్టమని ఈ విభజన యొప్పుకొనుచున్నది. ఇది న్యాయమైన మాటయే.

ఇక లెక్కలను విడిచి, బలవంతులతో ఆడుటవలన నిజముగా మేలు కలుగునా యని విచారింతము. కలుగునని నా దృఢమైన నమ్మకము. అందుకు చరిత్రలో మంచి నిదర్శనములు కలవు.

ఎన్.సి.ఏ.ఏ. పోటీ రాకముందు, 1972లో స్త్రీల కళాశాలలకు జాతీయపోటీ జరిగెను. పెన్సిల్వేనియా రాష్ట్రమున కతోలిక కన్యాస్త్రీలు నడుపుచుండిన ఇమ్మాక్యులాటా అను చిన్న కళాశాల దానిలో పాల్గొనెను. దానికి కొన్ని దినములకు ముందు ప్రాంతీయపోటీలో వెస్టు చెస్టరు కళాశాల ఆ జట్టును 70-38తో, అనగా 32 పాయింట్ల తేడాతో, చిత్తుగా ఓడించియుండెను. జాతీయపోటీ చివరి యాటలో ఎదురుపడినది మరల ఆ వెస్టు చెస్టరే. ఈ మాఱు ఇమ్మాక్యులాటా 52-48తో గెలిచెను. 1973లోను 1974లోను కూడ ఆ చిన్న కళాశాలయే జాతీయ విజేత యయ్యెను. ముప్పదిరెండు పాయింట్ల యోటమిని అవమానముగా నెంచి యింటికి మరలియుండినయెడల ఆ మూడు గెలుపులును ఉండెడివి కావు. తమకంటె బలమైనవా రెచట బలముగా నున్నారో చూపినది ఆ యోటమియే.

కనెక్టికట్ జట్టు సంగతి ఇంకను స్పష్టమైనది. 2013 మొదలు 2020 వఱకు ఏడు సంవత్సరములు ఆ జట్టు అమెరికన్ అను కూటమిలో నుండెను. ఆ కూటమి సభ్యులతో ఆడిన 139 ఆటలలో ఒక్కటియైన ఓడలేదు. ఇట్టి సుఖములో పడిన జట్టు నిద్రపోవుటకు ఎంత కాలము పట్టును? దాని శిక్షకులైన జీనో ఆరియెమ్మ గారు ఆ యపాయమును ఎఱిగి, కూటమికి వెలుపల దేశములోని మేటి జట్లను వెదకి పట్టికలో చేర్చుచుండిరి. 2014 నవంబరు 17వ తేదీన వారు స్టాన్‌ఫర్డునకు పోయి, అధికసమయము వఱకు సాగిన ఆటలో 88-86తో ఓడిరి. అంతకుముందు వరుసగా 47 ఆటలు గెలిచిన జట్టది. ఆ యోటమి తరువాత ఏమి జరిగెను? ఆ జట్టు వరుసగా 111 ఆటలు గెలిచెను! 2015, 2016 సంవత్సరములలో జాతీయ విజేత యయ్యెను. 2017 మార్చి 31న మిసిసిప్పీ స్టేటు జట్టు 66-64తో గెలిచి ఆ వరుసను తెగగొట్టువఱకు ఆ జట్టునకు ఓటమి లేదు. నవంబరు నెలలో తగిలిన దెబ్బ మార్చి నెలలో కవచమైనది.

2024-25 సంవత్సరపు చరిత్రయు అట్టిదే. ఆ యేట కనెక్టికట్ కూటమి ఆటలు పదునెనిమిదిటిని గెలిచెను. ఓడినవి మూడు, ఆ మూడును వెలుపలి ఆటలే. డిసెంబరు నెలలో నోటర్‌డేము 79-68తోను, సదరన్ కాలిఫోర్నియా 72-70తోను, ఫిబ్రవరిలో టెన్నెసీ 80-76తోను ఆ జట్టును ఓడించెను. కూటమిలోని వారితో మాత్రమే ఆడియుండినయెడల ఆ సంవత్సరపు లెక్కలో ఓటమియే యుండెడిది కాదు. అయినను వారు వెనుదీయక, ఫిబ్రవరి 16న సౌత్ కరొలైనా కోర్టునకు పోయి, అచట వరుసగా 71 ఆటలు గెలిచియున్న ఆ జట్టును 87-58తో ఓడించిరి. ఏప్రిల్ 6న చివరి యాటలో మరల ఆ జట్టుతోనే ఆడి, 82-59తో జాతీయ విజేతలైరి. మూడు ఓటములతో కూడిన ఆ సంవత్సరము ఓటమి యెఱుగని అనేక సంవత్సరములకంటె గౌరవనీయమైనది కాదా?

ఓడినవారికి మాత్రమే గాక చూచువారికిని, ఆటకును ఇట్టి పోటీలు మేలు చేయును. 1995 జనవరి 16న కనెక్టికట్, టెన్నెసీ జట్లు మొదటిసారిగా తలపడెను. అవి రెండును వేఱు వేఱు కూటములలోనివి. వారిని ఒకరితో నొకరు ఆడుమని శాసించినవారు లేరు. ఆ దినమున కనెక్టికట్ 77-66తో గెలిచి, ఏప్రిల్‌లో చివరి యాటలోను 70-64తో టెన్నెసీనే ఓడించి, 35 ఆటలలో ఒక్కటియు ఓడక సంవత్సరమును ముగించెను. 2007 వఱకు ఆ జట్లు 22 మాఱులు తలపడెను. స్త్రీల ఆటను లోకము చూచునట్లు చేసినవానిలో ఈ పోటీ ముఖ్యమైనది. టెన్నెసీ శిక్షకురాలు పాట్ సమ్మిట్ గారు 1974 మొదలు 2012 వఱకు పనిచేసి 1,098 ఆటలు గెలిపించి, ఎనిమిది జాతీయ విజయములు సంపాదించినవారు. కఠినమైన ప్రతిపక్షులను కోరి తెచ్చుకొనుట ఆమెకు పరిపాటి. 2007 తరువాత ఆ రెండు జట్ల వార్షికపోటీ నిలిచిపోయి 2020లో గాని మరల మొదలు కాలేదు. ఆ నడిమి పదుమూడేండ్లలో నష్టపోయినది ఒక్క టెన్నెసీయు కాదు, ఒక్క కనెక్టికట్టును కాదు; ఆట నష్టపోయినది.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. 2022-23లో లూయిసియానా స్టేటు జట్టు కూటమి వెలుపల బలహీనులతోనే యెక్కువగా ఆడినదని విమర్శకు లెందఱో ఆక్షేపించిరి. ఆ జట్టు మొదటి 23 ఆటలు గెలిచి, ఫిబ్రవరి 12న సౌత్ కరొలైనాతో 88-64తో ఓడెను. అయినను ఏప్రిల్ 2న అయోవాను 102-85తో ఓడించి జాతీయ విజేత యయ్యెను. కావున కఠినమైన పట్టిక లేకున్నను విజయము రావచ్చునని వాదింపవచ్చును. నేను ఈ మాటను త్రోసిపుచ్చను. ఆ జట్టున పలువురు క్రొత్తవారు చేరియుండిరి. క్రొత్తవారు ఒకరి నొకరు తెలిసికొనుటకు కొన్ని తేలిక ఆటలు కావలసి యుండవచ్చును. చిన్నపిల్లకు మొదట గుడింతములు చెప్పి తరువాతనే గ్రంథము చేతికిత్తుము గదా. అయితే రెండు సంగతులు మఱువరాదు. ఒకటి, అంత గెలిచినను ఆ జట్టు తన భాగమున మూడవ స్థానమునే పొందెను. రెండు, ఆ జట్టునకు తన కూటమిలోనే సౌత్ కరొలైనా వంటి గీటురాయి దొరకెను. ఇంటిలోనే కఠినమైన పరీక్షకుడు గలవాడు బయటి పరీక్షకుని కొంత తగ్గించుకొనవచ్చును. ఇంటిలో పరీక్షకుడు లేనివానికి ఆ స్వాతంత్ర్యము లేదు.

ఇంతవఱకు బలమైన పట్టికను ప్రశంసించితిని. ఇప్పుడు అందలి యన్యాయమును చెప్పవలయును. బలవంతులతో ఆడవలెనని ఉపదేశించుట సులభము. కాని బలవంతులు ఆడుటకు ఒప్పుకొనవలదా? పెద్ద కళాశాలలు చిన్న కళాశాలలకు సొమ్ము చెల్లించి తమ కోర్టునకు పిలిపించుకొనుట అచట వాడుక. తాము మాత్రము చిన్నవారి కోర్టునకు పోవుట అరుదు. పోయి గెలిచినయెడల పేరు రాదు; ఓడినయెడల చెడ్డపేరు వచ్చును. ఇట్లు చిన్న కళాశాల తన యింట ఒక్క గొప్ప ప్రతిపక్షమునైన చూడకయే సంవత్సరమును గడుపును. తరువాత సంఘమువారు కూర్చుండి, మీరు బలవంతులతో ఆడలేదు గదా యని అడుగుదురు. తలుపు మూసినవారే, ఏల లోపలికి రాలేదని యడిగినట్లున్నది!

2014-15లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు జట్టు 30 ఆటలాడి ముప్పదియు గెలిచెను. ఐవీ కూటమిలో బలమైన జట్లు తక్కువ. వెలుపలి పట్టికయు మిక్కిలి గొప్పది కాదని సంఘమువారు భావించి, దానికి ఎనిమిదవ స్థానము నిచ్చిరి. ఆ జట్టు మొదటి యాటలో గ్రీన్ బేను 80-70తో ఓడించి, తరువాత మేరీలాండుతో 85-70తో ఓడెను. సంఘమువారు చేసినది పూర్తిగా తప్పని నే ననను. లెక్క ప్రకారము వారికి ఆధారము కలదు. కాని ముప్పది ఆటలలో ముప్పది గెలిచిన బాలికలకు, మీ గెలుపులు చాలవని చెప్పుటకు ముందు, వారికి ఎవరెవరు తలుపు తీసిరో విచారించుట ధర్మము.

లెక్కలకు అందని బలమును చూపిన దినము మఱియొకటి కలదు. 1998 మార్చి 14న అదే ఐవీ కూటమికి చెందిన హార్వర్డు జట్టు, తన భాగమున పదునాఱవ స్థానమున, అనగా అన్నిటికంటె క్రింద, నిలుపబడి, మొదటి స్థానమున నున్న స్టాన్‌ఫర్డును దాని సొంత కోర్టుననే 71-67తో ఓడించెను. పదునాఱవ స్థానపు జట్టు మొదటి స్థానపు జట్టును గెలుచుట, పురుషులలోను స్త్రీలలోను, అదియే మొదటిసారి. స్టాన్‌ఫర్డులో ఇరువురు మేటి క్రీడాకారిణులు గాయపడి ఆడలేకపోయిరన్నది నిజము. అయినను హార్వర్డు జట్టు పదునాఱవ స్థానమునకు తగినది కాదని ఆ యాట తేటపఱచెను. వారు ఎట్టివారో తెలిసినది ఎప్పుడు? బలవంతులతో ఆడుటకు అవకాశము వచ్చినప్పుడే.

కావున నా యభిప్రాయము రెండు వైపులకును చెందినది. చిన్న జట్టునకు నేను చెప్పునది: వెఱవక పొమ్ము, ఓటమిని లెక్క పెట్టక, పాఠమును లెక్కించుము. పెద్ద జట్టునకు చెప్పునది: నీవు సంవత్సరమునకు రెండు మూడు మాఱులైన చిన్నవారి కోర్టునకు పోవలయును; సొమ్మిచ్చి పిలిపించుకొనుట యుపకారము కాదు, సమానులుగా నెంచి పోయి యాడుట యుపకారము. ఎన్నుకొను సంఘమునకు చెప్పునది: పట్టిక బలమును తూచుచున్నప్పుడు, ఆ పట్టికలో ఎంత భాగము జట్టు కోరినది, ఎంత భాగము ఇతరులు తిరస్కరించుటవలన మిగిలినది అని వేఱుపఱచి చూడుము. గెలుపులను తూచుటకు త్రాసు కలదు. ప్రయత్నమును తూచుటకును ఒకటి యుండవలయును. 2025 జనవరిలో, జాతీయపోటీలో పాల్గొను స్త్రీల జట్ల కూటములకును పురుషులవలె సొమ్ము పంచవలెనని ఎన్.సి.ఏ.ఏ. సభ్యులు నిర్ణయించిరి. పోటీలో ప్రవేశించుటకు సొమ్ముకూడ తోడైనప్పుడు, ప్రవేశమును నిర్ణయించు పట్టిక విషయమున న్యాయము మునుపటికంటె నెక్కువ అవసరము.

తల్లిదండ్రులారా, మన బాలికలు పట్టణమునకు పోయి గొప్ప పాఠశాల జట్టుతో ఆడి యిరువది పాయింట్లతో ఓడివచ్చినప్పుడు, ఆడుపిల్లలను అంతదూరము తీసికొనిపోయి నగుబాటు చేయనేల అని కొందఱు అడుగుదురు. మీ ప్రశ్నలో ప్రేమ కలదు. కాని ఆ ప్రేమ బిడ్డను చిన్నదిగానే యుంచును. కొడుకు ఓడివచ్చినప్పుడు, మఱల పొమ్మని భుజము తట్టెదము. కూతురు ఓడివచ్చినప్పుడు మాత్రము, ఇక చాలునందుము. ఇరువురకును ఒకటే మాట యుండవలయును. 32 పాయింట్లతో ఓడిన ఇమ్మాక్యులాటా బాలికలను వారి పెద్దలు ఇంట కూర్చుండబెట్టియుండినచో ఏమగునో ఆలోచింపుడు.

విద్యార్థినీ విద్యార్థులారా, పౌలు భక్తుడు కొరింథులోని సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో పందెపు రంగమును ఉపమానముగా గైకొనుట మీ రెఱుగుదురు. ఆయన చూపిన క్రీడాకారుడు దేహమును అదుపులో నుంచుకొని శ్రమపడువాడే గాని, సులభమైన పందెమును వెదకుకొనువాడు కాడు. మీరు తరగతిలో మీకంటె తక్కువ మార్కులు వచ్చిన వారినే చూచుకొని తృప్తిపడుట యెట్టిదో, బలహీనమైన జట్టునే పిలిచి గెలుచుట యట్టిది. అట్లని మీకంటె చిన్నవారు ఆడుటకు పిలిచినప్పుడు, మీతో మాకేమి లాభమని మొగము త్రిప్పుకొనకుడు. నిన్న మీకు ఎవరో తలుపు తీసిరి; నేడు మీరు తీయవలసిన వంతు.

ఉపాధ్యాయ సోదరులకు ఒక చిన్న మనవి. ఇకమీదట వార్షిక నివేదికలో గెలుపు ఓటముల అంకెల ప్రక్కన ప్రతిపక్ష పాఠశాల పేరును, ఆట యెచట జరిగినదియు వ్రాయుదము. మనకంటె బలమైన వారితో ఆడినవి ఎన్ని, సమానులతో ఎన్ని, చిన్నవారి కోర్టునకు మనమే పోయి యాడినవి ఎన్ని అని మూడు వరుసలుగా చూపుదము. గెలుపుల సంఖ్య కొంచెము తగ్గవచ్చును. కాని చదువువారు మన పిల్లలు ఎన్ని గెలిచిరో మాత్రమే గాక, ఎంతటి వారి యెదుట నిలిచిరో, ఎవరికి ఎదురుగా నిలుచు నవకాశ మిచ్చిరో కూడ తెలిసికొందురు. నిజమైన నివేదిక యదియే.